పదో తరగతికి వచ్చేసరికి పళ్లెం ఎందుకు వదిలేస్తారు: ఉత్తర చెన్నైలోని ఒక ఉన్నత పాఠశాల కేస్ స్టడీ

ఉత్తర చెన్నైలో కొరుక్కుపేటకూ తండయారుపేటకూ మధ్య ఉన్న ఒక కార్పొరేషన్ ఉన్నత పాఠశాలలో పెద్ద తరగతుల పిల్లలు మధ్యాహ్న భోజనానికి ఎందుకు దూరమవుతున్నారో తెలుసుకోవడానికీ, వీలైనంత మేర వాళ్లను మళ్లీ పళ్లెం దగ్గరికి తీసుకురావడానికీ ఒక విద్యా సంవత్సరం పాటు చేసిన పని వివరాలు ఇవి. నేను పోషకాహార నిపుణురాలిని. ప్రధానోపాధ్యాయిని కోరిక మీద వారంలో కొన్ని మధ్యాహ్నాలు ఆ బడిలో గడిపాను. ఆరు నుంచి పది వరకు తరగతులున్న ఈ బడిలో పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్లు. తాతల కాలంలో నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి వచ్చి రేవు పనుల్లోనూ, మిల్లుల్లోనూ, కార్పొరేషన్ పారిశుద్ధ్య విభాగంలోనూ కుదురుకున్న కుటుంబాలవి. భోజన పథకాన్ని వీళ్లు కూడా తమిళులు పిలిచినట్టే సత్తుణవు అంటారు, దాని నిర్వాహకురాలిని సత్తుణవు టీచరమ్మ అంటారు.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాం

సత్తుణవుకు పేరు రాయించుకోవడం వేరు, ఆ రోజు కూర్చుని తినడం వేరు. బడి తెరిచిన రోజుల్లో ఒకసారి రిజిస్టరులోకి ఎక్కిన పేరును ఏడాది మధ్యలో ఎవరూ కొట్టెయ్యరు గనుక, కాగితం మీద చూస్తే తొమ్మిది, పది తరగతుల్లో తినేవాళ్లకు కొదవ కనిపించదు. అందుకని మొదట గుండిగ పక్కన నిలబడి, వడ్డించిన పళ్లాలను తరగతివారీగా, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరుగా లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ఆరో తరగతిలో దాదాపు అందరూ తింటున్నారు. ఏడు, ఎనిమిది తరగతుల్లో తగ్గుదల కొద్దిగానే ఉంది. తొమ్మిదిలో ఒక్కసారిగా సగానికి పడిపోయింది. పదిలో తినేవాళ్లు కొద్దిమందే, అందులో ఆడపిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ నగరంలో బడి భోజనానికి ఉన్న చరిత్రను బట్టి చూస్తే ఇది మరింత ఆలోచించవలసిన విషయం. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, థౌజండ్ లైట్స్‌లోని ఒక కార్పొరేషన్ బడిలో పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించని ఖర్చుతో భోజనం పెట్టడం మొదలైంది. ఆయన తెలుగు దేవాంగ కుటుంబానికి చెందినవాడు. 1956లో కామరాజ్ ప్రభుత్వం మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటా విస్తరించే పనికి పూనుకుంది. 1982 జూలై 1న ఎం.జి.రామచంద్రన్ సత్తుణవును ప్రారంభించినప్పుడు అది చిన్నపిల్లల పథకమే. పది నుంచి పదిహేనేళ్ల పిల్లలను 1984లో చేర్చారు. ఇప్పటికీ కేంద్రం సాయం అందించే పి.ఎం.పోషణ్ పథకం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తమిళనాడు తన ఖర్చుతోనే పెడుతున్నది. రాష్ట్రం సొంత డబ్బు పెట్టే చోటనే తినేవాళ్లు తగ్గిపోతున్నారన్నమాట.

ఒంటికి ఎక్కువ కావలసిన వయసు కూడా అదే. జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము, 43 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, అదే వయసు అబ్బాయిల్లో 31.1 శాతం. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను భోజనం తర్వాత వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే చాలామందికి వికారం పుడుతుంది, ఆ తర్వాతి వారం వాళ్లు మాత్రను గుప్పిట్లో దాచేస్తారు. ఈ బడిలో మాత్రలు మిగిలిపోతున్న తరగతులూ, పళ్లాలు తగ్గిపోతున్న తరగతులూ ఒకటే కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

అడిగితే ఒకటి, చూస్తే ఒకటి

పిల్లల చేత పేరు రాయకుండా ఒక చిన్న ప్రశ్నావళి నింపించాం. దాదాపు అన్ని కాగితాల్లోనూ రుచి బాగాలేదనే ఉంది. ఈ జవాబు అబద్ధం కాదు గానీ, పధ్నాలుగేళ్ల పిల్లలకు అందరి ముందూ చెప్పుకోవడానికి ఇబ్బంది లేని కారణం అదొక్కటే. సత్తుణవులో వంట బడి ఆవరణలోనే జరుగుతుంది. వంటమనిషి, సహాయకురాలు, నిర్వాహకురాలు ముగ్గురూ అక్కడే ఉంటారు, అన్నం వేడిగానే దిగుతుంది. 2013లో ప్రవేశపెట్టిన రకరకాల వంటల పట్టిక ప్రకారం సాంబారన్నం, నిమ్మకాయ పులిహోర, కరివేపాకన్నం, వెజిటబుల్ బిర్యానీ వంటివి వంతులవారీగా వస్తాయి, వారంలో అయిదు రోజులూ గుడ్డు ఉంటుంది. నేను తిన్న రోజుల్లో కరివేపాకన్నం ఒకసారి ముద్దకట్టింది, సాంబారు ఒకసారి పలచబడింది. అంతకుమించి వంక పెట్టదగినది కనిపించలేదు.

రుచే అసలు కారణమైతే డబ్బులు పెట్టి అదే వంటకం తినేవాళ్లు ఉండకూడదు. అమ్మ ఉణవగం క్యాంటీన్లను చెన్నై కార్పొరేషన్ 2013లో ప్రారంభించింది. అక్కడ సాంబారన్నం అయిదు రూపాయలు, పెరుగన్నం మూడు రూపాయలు. శనివారం ప్రత్యేక తరగతులున్నప్పుడు బడిలో వంట ఉండదు. ఆ రోజుల్లో మా పదో తరగతి అబ్బాయిలు గుంపుగా దగ్గరలోని ఉణవగానికి వెళ్లి, వరుసలో నిలబడి టోకెన్ తీసుకుని, సాంబారన్నాన్ని ఆవురావురుమంటూ తిని వచ్చేవారు. ఆ సాంబారు మా సాంబారు కంటే చిక్కగా ఉండదని వాళ్లే ఒప్పుకున్నారు. అయినా అక్కడ వాళ్లు కొనుక్కుని తినేవాళ్లు. నిలువు బల్ల దగ్గర ఆటోడ్రైవరు పక్కన, లోడుమోసే కూలీ పక్కన పెద్దవాళ్ల మాదిరిగా నిలబడి తింటారు. బడిలో మాత్రం ఆరో తరగతి పిల్లల వెనుక, గేటు ఎదురుగా ఉన్న వరండాలో నేల మీద కూర్చుని, దారిన పోయేవాళ్ల కళ్లెదుట తినాలి.

ఇది గమనించాక వంట మీద నుంచి దృష్టి మళ్లించి, గంట కొట్టినప్పటి నుంచి పిల్లవాడు చెయ్యి కడుక్కునే వరకు ఏం జరుగుతుందో వరుసగా రాసుకుంటూ వచ్చాం. అప్పుడు బయటపడిన వాటిలో అన్నిటికంటే చిన్నదీ, అన్నిటికంటే బలమైనదీ పళ్లెం సంగతి. ఈ బడిలో సత్తుణవు తినే పిల్లలు పళ్లెం ఇంటి నుంచే తెచ్చుకోవలసి వచ్చేది. పుస్తకాల సంచిలో స్టీలు పళ్లెం ఉంటే నడుస్తున్నప్పుడు జామెట్రీ బాక్సుకు తగిలి మోగుతుంది. సంచి బల్ల మీద పెట్టినా మోగుతుంది. ఆ చప్పుడు వినగానే వెనుక బెంచీ వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం నేను కళ్లారా చూశాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు పళ్లాన్ని పాత తువ్వాలులో చుట్టి, నోటు పుస్తకాల మధ్య దోపి తెచ్చేవాడు. ఆకలి లేక మానేసినవాడు ఇంత శ్రమ పడడు. తినాలని ఉంది, తింటున్నట్టు తెలియకూడదు, అంతే.

రెండోది సమయం. భోజన విరామం కాగితం మీద నలభై నిమిషాలు. పెద్ద తరగతులు వరుసలో చివర నిలబడతాయి గనుక, వడ్డన తమ దాకా వచ్చేసరికి అందులో సగం గడిచిపోతుంది. ఆపైన ఒకే కొళాయి దగ్గర పళ్లెం కడుక్కోవడానికి మరో వరుస. మిగిలిన కొద్ది నిమిషాల్లో బంతాట ఆడాలో, అన్నం తినాలో తేల్చుకోవలసి వస్తే అబ్బాయిలు ఏది ఎంచుకుంటారో చెప్పనక్కరలేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో జరిగిన, 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో కూర్చుని తినడానికి 20 నిమిషాల కంటే తక్కువ దొరికిన పిల్లలు, 25 నిమిషాలో అంతకు మించో దొరికిన పిల్లల కంటే ప్రధాన వంటకాన్ని 13 శాతం తక్కువ తిన్నారని తేలింది. మా పిల్లలకు దొరుకుతున్నది అందులో సగం కూడా కాదు. దీనికి తోడు పదో తరగతిలో మార్కులు తక్కువ వచ్చినవాళ్లను భోజన విరామంలోనే కూర్చోబెట్టి చదివించే అలవాటు బడిలో ఉండేది. ఉద్దేశం మంచిదే. అయితే ఆ పిల్లలే ఇంట్లో ఉదయం ఏమీ తినకుండా వచ్చేవాళ్లు కావడంతో, భోజనం అన్నిటికంటే అవసరమైనవాళ్లకే అది తప్పిపోయేది. ముఖ్యమంత్రి అల్పాహార పథకం 2022లో మొదలైనా అది ఒకటి నుంచి అయిదు తరగతులకే గనుక, ఈ వయసు పిల్లలకు ఉదయం కూడా బడిలో ఏమీ దొరకదు.

ఆడపిల్లల విషయంలో ఇవి చాలక మరికొన్ని ఉన్నాయి. గరిటెడు అన్నం ఒకేసారి కుమ్మరిస్తారు, అంత తినలేక పారేస్తే టీచరమ్మ కేకలేస్తుంది. ఆ గొడవ ఎందుకని అసలు వరుసలోకే రారు. ముగ్గురు నలుగురు కలిసి ఎవరో ఒకరి ఇంటి డబ్బాలోని నాలుగు ముద్దలు పంచుకుని సరిపెట్టుకుంటారు. ఒళ్లు వస్తుందేమోనన్న భయం కొందరిది. మరుగుదొడ్డిలో నీళ్లు సరిగా రావని మధ్యాహ్నం నీళ్లు తాగడమే మానేసినవాళ్లు ఉన్నారు, నీళ్లు తాగకపోతే అన్నమూ దిగదు.

తల్లుల సమావేశంలో వినవచ్చిన మాట మరొకటి. పదో తరగతి అమ్మాయి తల్లి, పొద్దున్నే వీధులు ఊడ్చే పనికి వెళ్లి వచ్చే మనిషి, నాతో ఇలా అంది: "మా పిల్ల ఇంట్లో కూడు లేక బడిలో తింటా ఉందని నలుగురూ అనుకోరా మేడం? చిన్నదిగా ఉండేటప్పుడు తినింది, నేనేం వద్దనలేదు. ఇప్పుడు పెద్దపిల్ల గదా." సత్తుణవు టీచరమ్మ వెంటనే అందుకుని, "అట్లా అనుకోవద్దు వదినా, మా పిల్లోడు కూడా ఇక్కడే తింటాడు, అడుగు" అన్నది. నా గణాంకాలన్నిటికంటే ఆ ఒక్క మాట ఆ సమావేశంలో ఎక్కువ పనిచేసింది.

చేసిన మార్పులు

మొదట పళ్లాల పని చేపట్టాం. పూర్వ విద్యార్థులు కొందరు చందాలు వేసుకుని గళ్లున్న స్టీలు పళ్లాలు కొనిచ్చారు. ఇకమీదట అందరికీ ఒకే రకం పళ్లెం, అది బడిలోనే ఉంటుంది, ఇంటి నుంచి ఎవరూ తేనక్కరలేదు. ఇంటి డబ్బా తెచ్చుకునేవాళ్లు కూడా కావాలంటే డబ్బాలోని అన్నాన్ని ఈ పళ్లెంలోనే వేసుకుని తినవచ్చని చెప్పాం. దీనితో ఎవరు ఏది తింటున్నారో దూరం నుంచి చూసి చెప్పడం కుదరకుండా పోయింది. అసలు చిక్కు కడగడం దగ్గర వచ్చింది. వంట సహాయకురాలికి అప్పటికే పని ఎక్కువ, వందల పళ్లాలు ఆమె నెత్తిన వేయడం అన్యాయం. పిల్లలే కడుక్కోవాలంటే ఉన్న ఒక్క కొళాయి చాలదు. వరుసగా కొళాయిలున్న పైపు ఒకటి గోడ వెంబడి వేయించేవరకు పళ్లాల పెట్టె తెరవకూడదని ప్రధానోపాధ్యాయిని పట్టుబట్టారు, అదే సబబు. ఇతర బడులవాళ్లు నన్ను అడిగినప్పుడు ముందు కొళాయిలు, తర్వాతే పళ్లాలు అని చెబుతున్నాను.

ఆ తర్వాత గంట మార్చాం. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు విరామం ముందూ, తొమ్మిది, పది తరగతులకు ఒక పీరియడ్ తర్వాతా పెట్టాం. టైంటేబుల్ తిరగరాయడం అంటే తేలిక కాదు. ఒకే గణితం సారు రెండు వైపులా పాఠం చెప్పాలి, ఒకరి విరామం ఇంకొకరి అల్లరి అవుతుంది. ఉపాధ్యాయుల్లో కొందరికి నచ్చలేదు, ఆ ఏడాది చివరి వరకూ నచ్చలేదు. అయినా పెద్ద పిల్లలకు కూర్చుని తినే సమయం దాదాపు రెట్టింపైంది. విరామంలో నడిచే పదో తరగతి ప్రత్యేక బోధనను సాయంత్రానికి మార్చారు. పెద్ద తరగతుల వడ్డనను గేటు ఎదుటి వరండా నుంచి వెనుక వైపున్న పాత డ్రాయింగ్ గదికి తరలించి, అక్కడ మూలపడి ఉన్న బల్లలు బాగుచేయించి వేశాం. ఈశాన్య రుతుపవనాల వానలకు వరండా తడిసినప్పుడు కూడా ఈ గది వల్ల భోజనం ఆగలేదు, ఇది మేము ముందు అనుకోని లాభం.

వడ్డన పిల్లలకే అప్పగించాం. ఒకే వీధివాళ్లో ఒకే కులంవాళ్లో గరిటె పట్టుకునే పరిస్థితి రాకుండా హాజరుపట్టీలో పేర్ల వరుసనే వంతులు వేశాం, అందులో ఎవరి కోరికకూ మార్పులు చేయలేదు. సగం గరిటె అడిగితే సగమే వేయాలి, మళ్లీ వస్తే మళ్లీ వేయాలి అన్న నియమం పెట్టాం. పైకి చూస్తే చిన్నదే గానీ, ఆడపిల్లల విషయంలో ఇంతగా పనిచేసినది మరొకటి లేదని నా అభిప్రాయం. సగం చాలన్నవాళ్లలో చాలామంది రెండోసారి వచ్చారు, పారేసే బకెట్ తేలికైంది. వడ్డించే ముందు రుచి చూడవలసిన టీచరు ఒక చెంచా నోట్లో వేసుకుని సంతకం పెట్టి వెళ్లిపోకుండా, పళ్లెం పట్టుకుని పిల్లలతో పాటు కూర్చుని తినాలని కోరాం. కొందరు తిన్నారు. ముఖ్యంగా వ్యాయామం సారు రోజూ తిన్నారు, ఆయన బల్ల దగ్గర చోటు కోసం అబ్బాయిలు పోటీపడేవారు.

వంటలో చేసిన మార్పులు తక్కువే, ఎందుకంటే సరుకుల కొలతలూ, వంటల పట్టికా మా చేతిలో లేనివి. వంటమనిషితో కూర్చుని మాట్లాడాక, పెద్ద తరగతుల అన్నాన్ని వేరే గుండిగలో ఆలస్యంగా దింపడం, అప్పటికప్పుడు తాలింపు వేయడం కుదిరింది. గుడ్ల సంగతి కొంత ఆలోచించవలసి వచ్చింది. ఒలిచి పళ్లెంలో గంటసేపు పెట్టిన గుడ్డు నీచు వాసన వేస్తుంది, పైన నీళ్లు ఊరతాయి. పిల్లలు ముఖం తిప్పుకోవడానికి అదే కారణం. పెంకుతోనే ఇచ్చి వాళ్ల చేతే ఒలిపించడం, ఉప్పూ మిరియాల పొడీ పక్కన పెట్టడం మొదలుపెట్టగానే గుడ్డు వదిలేసేవాళ్లు చాలావరకు తగ్గారు. పులిహోర రోజున నిమ్మరసం కాస్త ఎక్కువ పిండమన్నాను. నిమ్మలోని విటమిన్ సి వల్ల అన్నంలోని, పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, నీలం మాత్రను ఆ రోజుకు మార్చుకున్నాం కూడా.

గేటు బయట కొట్టులో అమ్మే ప్యాకెట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. బడి గేటు నుంచి యాభై మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండి అమ్మరాదని ఆహార భద్రత సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల్లో ఉంది. కొట్టతనికి చెప్పి చూశాం, కొన్నాళ్లు దాచి అమ్మాడు, తర్వాత మామూలే. విరామ సమయంలో గేటు మూసి ఉంచడం ఒక్కటే కాస్త ఫలితమిచ్చింది.

ఏం తేలింది

తొమ్మిదో తరగతి త్వరగా కదిలింది. అర్ధవార్షిక పరీక్షల నాటికి అక్కడ పళ్లాల లెక్క ఎనిమిదో తరగతికి దగ్గరగా వచ్చింది. పదో తరగతి అబ్బాయిలు అంత త్వరగా రాలేదు గానీ, గుడ్డు మసాలా, బిర్యానీ ఉన్న రోజుల్లో మొదలుపెట్టి క్రమంగా మామూలు సాంబారన్నం రోజుల్లోనూ రాసాగారు, ఏడాది చివరికి సగం దాటారు. పదో తరగతి ఆడపిల్లల్లో పెరుగుదల కనిపించినా సగానికి చేరలేదు. జనవరి నుంచి వరుసగా రివిజన్ పరీక్షలు మొదలవడంతో అన్ని లెక్కలూ కొంత తగ్గాయి. పరీక్ష ముగిసిన వెంటనే పిల్లలు ఇంటికి వెళ్లిపోతారు, ఆ రోజుల సంఖ్యలను మిగతా రోజులతో పోల్చకూడదని పక్కన పెట్టాం.

ఏ మార్పు ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం, ఎందుకంటే కొన్ని ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అయినా క్రమాన్ని బట్టి కొంత ఊహించవచ్చు. పళ్లాలూ, గది మారిన తర్వాతి వారాల్లో తొమ్మిదో తరగతి లెక్క పైకి లేచింది, అప్పటికి వంటలో ఏ మార్పూ రాలేదు. తాలింపు, గుడ్డు మార్పుల తర్వాత తినేవాళ్ల సంఖ్య పెద్దగా మారలేదు, బకెట్లో పారేసేది మాత్రం తగ్గింది. అంటే రుచి బాగుపడితే వచ్చినవాళ్లు బాగా తిన్నారు, కొత్తవాళ్లను మాత్రం వడ్డించే తీరే రప్పించింది. నిధులు తక్కువగా ఉండి రెంటిలో ఒకటే చేయగలిగిన బడి ఉంటే, నేను నిస్సంకోచంగా రెండోదాన్నే ఎంచుకోమంటాను. వంట బాగుచేయడం అధికారులకు ఇష్టమైన పని, ఫోటోకు బాగుంటుంది. గంట మార్చడం, కొళాయిలు వేయించడం అట్లా కాదు, అందుకే చాలాచోట్ల అవి మిగిలిపోతాయి.

విద్యార్థుల చేత వంటల కమిటీ ఒకటి పెట్టించాం, అది నిలవలేదు. పట్టిక మార్చే అధికారం తమకు లేదని తెలియగానే వాళ్లు రావడం మానేశారు, వాళ్లను తప్పుపట్టలేం. అధికారం ఇవ్వలేని కమిటీ పెట్టడం కంటే వడ్డన వంతులు అప్పగించడమే వాళ్లకు గౌరవంగా తోచింది.

ఈ సంవత్సరం ఆరో తరగతిలో చేరినవాళ్లకు మొదటి రోజు నుంచే బడి పళ్లెం ఇచ్చారు, వాళ్లు తొమ్మిదికి వచ్చేవరకు లెక్క కొనసాగించాలని ప్రధానోపాధ్యాయిని అనుకుంటున్నారు. ఆడపిల్లల మరుగుదొడ్డి మోటారు మాత్రం ఇప్పటికీ వారంలో రెండు మూడు రోజులు పనిచేయదు. మరమ్మతు దరఖాస్తు జోనల్ కార్యాలయంలో ఉంది, దానితో పాటు మా పళ్లాల లెక్కల నకలు కూడా జతచేశాం.